మాత గోడ మీద ఐదు ఎఫ్‌లు

నెరెయ్దా కవాసోస్ ఎవరని అడిగితే వెస్లకో ఊళ్ళో సగం మందికి తెలియదు. "దోమ" అని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తారు. పదిహేనేళ్ళ పైబడి ఆవిడ ఊరి క్లినిక్కులో రక్తం తీస్తోంది. చేరిన కొత్తలో ఎవరో పెద్దాయన, పాపం పొగుడుదామనే, ఈ పిల్ల సూది గుచ్చితే దోమ కుట్టినంత కూడా తెలియదన్నాడు. పొగడ్త గాలికి పోయి దోమ మిగిలింది. టెక్సస్ దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దు పక్కనున్న మా వ్యాలీలో పేర్లు ఇలాగే పుడతాయి. పుట్టాక ఇక చావవు, సమాధి రాయి మీద అసలు పేరు కింద దాన్ని కూడా చెక్కిస్తారు.

ఐదున్నరకి క్లినిక్కు తలుపు తీసేసరికి పరగడుపు జనం బారులు తీరి ఉంటారు. కాఫీ పడని మనిషి కోపం ఎలాంటిదో దోమకి తెలిసినంతగా ఆ ఊళ్ళో చర్చి ఫాదరుకి కూడా తెలియదు. అందుకే ఆమె నోటికి తాళం ఉండదు. నరం దొరకని చేతిని రెండు వేళ్ళతో తడుముతూ మనవరాలి పెళ్ళి ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది, పక్కింటాయన మేక మళ్ళీ మీ పెరట్లో పడిందా అని అడుగుతుంది. వాళ్ళు జవాబు మొదలెట్టేలోగా గొట్టం నిండిపోతుంది. నరాలు ఎండిపోయిన ముసలమ్మలైతే ఆమె సెలవు పెట్టిన రోజున మరొకరికి చెయ్యి ఇవ్వరు. ఇంటికి పోయి శుభ్రంగా తిని, మర్నాడు మళ్ళీ ఆకలితో వస్తారు.

ఇంత పేరున్న మనిషికి నోరు విప్పే హక్కు మాత్రం ఒక్క విషయంలో లేదు. రక్తం తీయొచ్చు గానీ ఆ రక్తం ఏం చెప్పిందో చెప్పకూడదు. అది డాక్టరు పని. అంకె తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, ఎదురుగా మనిషి అడుగుతూనే ఉంటాడు, ఈమె మాత్రం "డాక్టరుగారు చెబుతారు" అని చిలక పలుకు పలకాలి. ఆ డాక్టరుగారి దర్శనం మూడు వారాలకి గానీ దొరకదు. లాసారో అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. అతని షుగరు మూడు వందల పది. డాక్టరుని తొందరగా కలవండి, తొందరగా కలవండి అని నాలుగుసార్లు చెప్పింది, అంకె మాత్రం చెప్పలేదు. అతను నవ్వుతూ తలూపి, ఉల్లిపాయల లోడుతో ఉత్తరానికి పోయాడు. తిరిగొచ్చేసరికి కాలి పుండు ముదిరి రెండు వేళ్ళు తీసేశారు. ఆ రోజు నెరెయ్దా గొట్టాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. డాక్టరు కావాలన్న పద్దెనిమిదో ఏటి కోరిక ఆ ఏడుపులో మళ్ళీ లేచి కూచుంది.

మళ్ళీ అని ఎందుకంటున్నానంటే, మొదటిసారి ఆ కోరికని తన చేతులతో తనే ముంచింది. అందులో ఇంకొకరి పాపం ఏమీ లేదు.

పద్దెనిమిదో ఏట డాక్టరు చదువుకి దారి తీసే సైన్సు కోర్సులో చేరింది. చేరిన నెలకే పక్క వీధి నుంచి ఒక సెన్యోరా, అంటే ఇల్లాలు, వచ్చి, మా అమ్మాయికి పదిహేనో పుట్టినరోజు పండగ, పెళ్ళంత చెయ్యాలి, దానికీ దానితో ఆడే పద్నాలుగు మంది కుర్రాళ్ళకీ వాల్ట్జ్ నాట్యం నేర్పిపెట్టమని బతిమాలింది. నెరెయ్దా మంచి ఆటకత్తె. నేర్పింది. పండగ రోజున ఆ పద్నాలుగు మంది ఎద్దులు కాస్తా హంసల్లా నడిచేసరికి చూసిన తల్లులందరికీ ఆశ పుట్టింది. ఆ తర్వాత ఇక ఊపిరి తీసుకోనివ్వలేదు. సోమవారం ఒక ఇంటి షెడ్డులో, మంగళవారం ఇంకొకరి చర్చి హాల్లో, శనివారం అసలు పండగ, ఆదివారం మిగిలిన మాంసం, మిగిలిన కేకు. రెండేళ్ళలో ముప్పై ఒక్క పండగలు చేయించింది. రసాయనశాస్త్రం ప్రయోగాలు గురువారం సాయంత్రం ఉండేవి. గురువారం సాయంత్రం దుస్తుల రిహార్సలు. ఈ రెండింటిలో ఏది ముఖ్యమో పందొమ్మిదేళ్ళ పిల్లకి ఎవరు చెప్పినా ఎక్కదు.

నాలుగో సెమిస్టరు అయ్యేసరికి కాలేజీవాళ్ళు ఇక నువ్వు రానక్కర్లేదమ్మా అని మర్యాదగా ఉత్తరం రాసి, దానితో పాటు మార్కుల కాగితం పంపారు. ఐదు ఎఫ్‌లు. ఎఫ్ అంటే ఫెయిలు. సగానికి పైగా డి‌లు. నడుమ నడుమ ముక్కుతూ మూలుగుతూ కొన్ని సి‌లు. ఒకే ఒక్క ఎ. అది బౌలింగులో వచ్చింది. వ్యాయామం కింద ఏదో ఒకటి తీసుకోవాలంటే బంతి దొర్లించే ఆట తీసుకుంది.

తల్లి హెర్లిందా బడి వంటశాలలో పని చేసేది. నాలుగు వందల మంది పిల్లలకి రోజూ అన్నం పెట్టే చెయ్యి. అరుపులు ఆవిడ పద్ధతి కాదు. కాగితాన్ని చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని ఆదివారం సాన్ హువాన్ వెళ్ళింది. అక్కడ దేవమాత గుడిలో మొక్కుబడుల గది ఒకటుంది. నడక వచ్చినవాళ్ళు వదిలిన చేతికర్రలు, జబ్బు తగ్గినవాళ్ళు కోసిచ్చిన జడలు, పుట్టిన పిల్లల మేజోళ్ళు, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళ ఫోటోలు, నేల నుంచి కప్పు దాకా అవే. ఆ గోడకి హెర్లిందా కూతురి మార్కుల కాగితం గుచ్చింది. పక్కన కాలేజీ గుర్తింపు ఫోటో కూడా గుచ్చింది, మాతకి ఏ నెరెయ్దా అని అనుమానం రాకుండా.

తర్వాత మొక్కు మొక్కింది. ఈ పిల్లకి డాక్టరు చదువులో సీటు వచ్చిన నాడు ఇంటి నుంచి మాత గుడి దాకా పన్నెండు మైళ్ళు నడిచొస్తానంది. అందాకా కోకాకోలా ముట్టనంది.

బయటివాళ్ళకి ఇది చిన్న విషయంగా కనపడొచ్చు. హెర్లిందాకి కోకాకోలా లేకుండా భోజనం దిగేది కాదు. రోజుకి మూడు సీసాలు, పండగైతే లెక్క లేదు. మొక్కిన నాటి నుంచి ఎవరింట మాంసం కాల్చుకున్నా ఒక చేత నీళ్ళ గ్లాసు పట్టుకుని, అందరి సీసాల వంకా చూసి నిట్టూర్చేది. ఎందుకమ్మా తాగడం లేదని కొత్తవాళ్ళు అడిగితే చాలు. మాత గోడ దగ్గర మొదలుపెట్టి బౌలింగు దాకా ఏదీ వదలకుండా చెప్పేది. దెబ్బలు కొట్టే తల్లులు ఉన్నారు, తిట్టే తల్లులు ఉన్నారు. మొక్కు పెట్టుకునే తల్లి దగ్గర బతకడం అన్నిటికంటే కష్టమని నెరెయ్దా ఇప్పటికీ అంటుంది.

లాసారో సంగతి జరిగిన ఏడాదే ఆమె చేతికి ఒక మంచి నరం దొరికింది, అనుకోకుండా. సెన్యోరా ఆడెలా అని, కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు కాగితాలు చూసి రిటైరైన మనిషి, నెలకొకసారి రక్తానికి వచ్చేది. ఆవిడ చేతిని తడుముతూ నెరెయ్దా యథాలాపంగా, నేనూ డాక్టరు కావాల్సినదాన్నే, ఐదు ఎఫ్‌లు అడ్డంపడ్డాయి అంది.

"ఎన్నేళ్ళయింది?" అంది ఆడెలా.

"అప్పుడే పదకొండు."

"మరి ఇంకా ఏడుస్తావేమే. టెక్సస్‌లో పదేళ్ళు దాటిన మార్కుల్ని మర్చిపొమ్మని చట్టం ఉంది. ఒక కాగితం రాసిస్తే సరి, కొత్తగా మొదలెట్టిస్తారు. నా చేత్తో నేనెన్ని చేశానని."

నెరెయ్దా చేతిలో గొట్టం ఇంచుమించు జారింది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో అలా జరగడం అదొక్కసారే.

చట్టం నిజమే, కాకపోతే దానికొక మెలిక ఉంది. ఎఫ్‌ల్ని మర్చిపోయి ఎ‌ని గుర్తుంచుకోమంటే కుదరదు. పోతే అన్నీ పోవాలి. రెండేళ్ళ చదువూ గంగలో కలిపి, అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టాలి. సి‌లు పోయాయంటే ఆమెకి బాధ లేదు. బౌలింగు పోతుందనేసరికి మాత్రం సంతకం పెట్టబోయిన చెయ్యి ఆగింది. జీవితంలో వచ్చిన ఒకే ఒక్క ఎ అది. హెర్లిందా ఈ సంగతి విని, నవ్వాలో మొట్టాలో తెలియక నీళ్ళు తాగింది.

సంతకం పెట్టింది. నాలుగేళ్ళు చదివింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా రక్తం, సాయంత్రం క్లాసులు, శనివారం గ్రంథాలయం. గణితం పాఠం చెప్పే మాస్టారు ఆమె ఒకప్పుడు వాల్ట్జ్ నేర్పిన పద్నాలుగు ఎద్దుల్లో ఒకడు. హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగి, "మిస్, మీరా?" అన్నాడు. "నేను నీకు మిస్‌ని కాదు నాయనా, నువ్వే నాకు సార్‌వి. ఎడమ కాలు ముందు అని నేను చెప్పినట్టు, నువ్వు ఏది ముందో చెప్పు చాలు" అంది. క్లాసంతా గొల్లుమంది. అతను చెప్పాడు, ఆమె ఎ తెచ్చుకుంది. రసాయనశాస్త్రంలోనూ తెచ్చుకుంది, గురువారం సాయంత్రం ఒక్కటి కూడా తప్పకుండా. పదిహేనో పుట్టినరోజుల తల్లులు అప్పటికీ వస్తూనే ఉండేవారు. రెండో వీధిలో ఇంకెవరో నేర్పుతారట అని చూపించి తలుపేసేది.

డిగ్రీ చేతికొచ్చింది, ప్రవేశ పరీక్షలో మార్కులూ వచ్చాయి. ఇక దరఖాస్తు పెట్టడమే తరువాయి. అక్కడ మా వ్యాలీ బుద్ధి బయటపడింది. మా దగ్గర శుభలేఖలో ఆరు అని వేస్తే ఎనిమిదికి రమ్మని అర్థం. ఆరింటికి వెళ్ళినవాడికి కుర్చీలు సర్దే పని తగులుతుంది. వైద్య కళాశాలల దరఖాస్తులు మే నెలలో మొదలై అక్టోబరు ఆఖరున ముగుస్తాయి. నెరెయ్దా మర్యాదస్తురాలు కనుక అక్టోబరు ఆఖరి వారం దాకా ఆగి, తీరిగ్గా పంపింది. ఆ కళాశాలలవాళ్ళు మాత్రం వచ్చినవాళ్ళని వచ్చినట్టు పిలిచి చూసేశారు. ఈమె కాగితం చేరేసరికి విస్తళ్ళు ఎత్తేశారు. ఒక్కరూ పిలవలేదు.

ఆ ఏడు హెర్లిందా క్రిస్మస్‌కి మొక్కజొన్న పిండి తమాలెలు ఆకుల్లో చుడుతూ నిట్టూర్చిన నిట్టూర్పుకి దీపం ఆరిపోయిందని ఇంట్లో చెప్పుకుంటారు. మరుసటి ఏడాది మే నెలలో, దరఖాస్తులు తెరిచిన మొదటి రోజు పొద్దున్నే, నెరెయ్దా పంపింది. పెళ్ళికి కుర్చీలు సర్దడానికైనా సిద్ధపడి.

ఆగస్టులో ఒక కళాశాల ఇంటర్వ్యూకి పిలిచింది. ఒకటే. ముప్పై ఆరేళ్ళ మనిషికి ఆ ఒకటే చాలా ఎక్కువ, మళ్ళీ మళ్ళీ రాదు కూడా.

విశ్వవిద్యాలయంలో ఇలాంటి పిల్లలకి సలహాలిచ్చే కుర్రవాడు రెనె, ఆమెకంటే పదేళ్ళు చిన్న, ఆమెని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాడు. పాత మార్కులు వాళ్ళు లెక్కలోకి తీసుకోరు, అడగరు. అడగనిది చెప్పొద్దు. రాష్ట్రమే మర్చిపోయినప్పుడు నువ్వెందుకు తవ్విపోసుకోవడం అన్నాడు. నెరెయ్దాకి అది బాగా నచ్చింది. మనసులో ఆ ఐదు ఎఫ్‌లకీ అంత్యక్రియలు చేసేసి, హాయిగా పనిలోకి వచ్చింది.

మర్నాడు సూది కోసం చెయ్యి చాపిన ఒక ముసలాయన ఆమెని ఎగాదిగా చూసి, "నిన్న నిన్ను సాన్ హువాన్‌లో చూశా" అన్నాడు.

"నేను నిన్న ఇక్కడే ఉన్నానండీ."

"నువ్వు కాదు, నీ ఫోటో. ఐదు ఎఫ్‌ల పిల్లవి నువ్వేనా? మా పళ్ళ డాక్టరు కూడా మొన్న దాని గురించే చెప్పి నవ్వుతున్నాడు."

రాష్ట్రం మర్చిపోయింది, మాత మర్చిపోలేదు. వ్యాలీలో పళ్ళ డాక్టర్లు, పిల్లల డాక్టర్లు, గుండె డాక్టర్లు, అందరూ ఆదివారం వెళ్ళేది ఆ గుడికే, వాళ్ళ స్నేహితులే కళాశాలల్లో సీట్లిచ్చేది. పదహారేళ్ళుగా పూజకి వెళ్తూ కూడా తను ఆ గది గడప తొక్కలేదు, సిగ్గేసి. ఇప్పుడు ఆ గదిలోనే తన కొంప మునిగేలా ఉంది. వారంలో వెళ్ళి ఎవరూ లేనప్పుడు కాగితం పీక్కొచ్చేద్దామని బుధవారం మధ్యాహ్నం బయల్దేరింది.

గదిలో దోన్ నాసారియో ఉన్నాడు, దోన్ అంటే గారు అన్నట్టు. మొక్కుబడులు సర్దడం, దుమ్ము దులపడం ఆయన పని. ఎనభై దగ్గర పడ్డ మనిషి, బల్లి అంత సన్నంగా ఉంటాడు. నెరెయ్దా ఆయనకి దణ్ణం పెట్టి, ఇక్కడ నా కాగితం ఒకటి పొరపాటున ఉండిపోయింది, తీసుకెళ్తాను అంది.

"పొరపాటున ఎవరూ ఇక్కడ ఏదీ వదలరు తల్లీ" అన్నాడాయన. "ఏ కాగితం?"

చెప్పక తప్పలేదు. ఆయన ముఖం విప్పారింది. "హెర్లిందా కూతురివా. కోకాకోలా హెర్లిందా. రా రా."

చెయ్యి పట్టుకుని ఒక మూలకి తీసుకెళ్ళాడు. తన కాగితం ఉంది. పదహారేళ్ళ ఎండకి పసుపు పచ్చబడింది. ఫోటోలో పందొమ్మిదేళ్ళ పిల్ల, జుట్టులో రిహార్సలు మెరుపులు, ఏ బెంగా లేని నవ్వు. అది ఆమె ఊహించినదే. చుట్టూ ఉన్నవి ఊహించలేదు. తన కాగితం చుట్టూ ఇంకా ఇరవై దాకా మార్కుల కాగితాలు గుచ్చి ఉన్నాయి. బీజగణితం ఎఫ్, చరిత్ర ఎఫ్, నర్సింగు మొదటి ఏడు రెండు ఎఫ్‌లు, నాలుగో తరగతి పిల్లవాడి లెక్కల కాగితం, దాని మీద టీచరు ఎర్ర సిరాతో వేసిన సున్నా. ఒకదాని కింద పెన్సిలుతో "మాతా, వీడు మంచివాడే, కూర్చోడు అంతే" అని ఒక తల్లి రాత.

"మీ అమ్మ పెట్టేదాకా ఇక్కడ మార్కులెవరూ పెట్టలేదు. అన్నీ చేతికర్రలే, జడలే" అన్నాడు దోన్ నాసారియో. "అది చూసి ఒకావిడ పెట్టింది, ఆవిడని చూసి ఇంకొకావిడ. ఇప్పుడు పరీక్షల నెలలో మేకులు చాలడం లేదు."

"దోన్ నాసారియో, నాకు వచ్చే వారం ఇంటర్వ్యూ. ఇది ఎవరైనా చూస్తే నా పదహారేళ్ళూ బూడిదే. తీసిచ్చెయ్యండి."

"ఇది నీది కాదమ్మా. మీ అమ్మ మాతకిచ్చింది. మాత వచ్చి తిరిగిచ్చేయమంటే ఇస్తా." ఆయన తన చీపురుతో ఆ మూలంతా ఒకసారి చూపించాడు. "ఇంకో మాట. రోజూ ఇక్కడికొచ్చే తల్లులు ముందు నీ కాగితం చూస్తారు. ఐదు ఎఫ్‌లు లెక్కపెట్టుకుంటారు. మా వాడికి మూడే కదా అని ధైర్యంగా ఇంటికి పోతారు. ఇది తీసేస్తే వాళ్ళని దేని మీద నిలబెట్టమంటావు?"

నెరెయ్దాకి కోపం వచ్చింది. తన పరువు తీసి ఇంతమందికి ధైర్యం పంచుతున్నారా అనిపించింది. తర్వాత ఆ పెన్సిలు రాత మళ్ళీ చదివింది, వీడు మంచివాడే, కూర్చోడు అంతే అని. తను కూడా కూర్చోలేదు, అంతే. అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ వేలాడుతున్న నాలుగో తరగతి వాడి సున్నాని సరిగ్గా గుచ్చింది.

ఇంటర్వ్యూ ఉన్న ఊరు కారులో ఆరు గంటల దూరం. ఎవరో పెళ్ళికి కుట్టించిన నల్ల కోటు వేసుకుని, దారి పొడుగునా రెనె చెప్పిన జవాబులు వల్లె వేస్తూ వెళ్ళింది. లోపల డాక్టర్ లిండ్‌క్విస్ట్ అని ఎముకల వైద్యుడు కూర్చున్నాడు. తాటిచెట్టంత మనిషి, కుర్చీ చాలక మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. మర్యాదగానే అడిగాడు. రక్తం తీసే పని గురించి అడిగాడు, లాసారో గురించి చెబితే చాలాసేపు ఏమీ రాయకుండా విన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత చదువు మొదలెట్టి అన్ని ఎ‌లు ఎలా తెచ్చుకున్నావన్నాడు. క్రమశిక్షణ, సమయపాలన అంటూ రెనె నేర్పిన జవాబు చెప్పింది. చెబుతుంటే తన చెవులకే పట్టలేదు. ఆఖరికి ఆయన కలం మూసి, ఇంకా ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఊరికే, లేచే ముందు అందరినీ అడిగే మాటే అది.

లేదండీ అనాలి. రెనె అదే చెప్పాడు. లేదండీ అనబోతుంటే చీపురు పట్టుకున్న దోన్ నాసారియో కళ్ళ ముందు నిలబడ్డాడు.

"ఉందండీ. మీ కాగితాల్లో లేనిది ఒకటుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదలెట్టిన చదువులో నాకు ఐదు ఎఫ్‌లు వచ్చాయి. చదవలేక కాదు. వెళ్ళలేదు, అంతే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అవి మేం చూడక్కర్లేదని చట్టమే చెబుతోంది. మీరెందుకు చెబుతున్నారు?"

"మా అమ్మకి తెలుసు. మాతకి తెలుసు. మా ఊళ్ళో పళ్ళ డాక్టరుకి కూడా తెలుసు. మీరొక్కరే మిగిలారు."

ఇక దాచడానికేం లేదు కనుక అంతా చెప్పేసింది. పద్నాలుగు ఎద్దులు, బౌలింగులో వచ్చిన ఎ, గోడ, ఫోటో, కోకాకోలా, తీసుకొద్దామని వెళ్ళి తీసుకురాలేక వచ్చిన బుధవారం, ఆ నాలుగో తరగతి సున్నా. రేపు నా దగ్గరికొచ్చే మనిషి మందు వేసుకోలేదు, రమ్మన్న రోజు రాలేదు అంటే, వెధవా అని అనుకోకుండా వినగలను, ఎందుకంటే నేనూ రాని మనిషినే అంది. చెప్పాక గుండె తేలికపడింది, సీటు పోయిందన్న నమ్మకమూ కుదిరింది.

డాక్టర్ లిండ్‌క్విస్ట్ మూసిన కలం మళ్ళీ తెరిచాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"బౌలింగులో ఎ ఎలా వచ్చింది?"

"వాల్ట్జ్ అడుగేనండీ. ఎడమ కాలు ముందు, కుడి కాలు జారాలి, చెయ్యి వదలాలి. కావాలంటే చూపిస్తాను."

ఆయన నవ్వుకి బల్ల కదిలింది. చూపించమని మాత్రం అనలేదు. చూపిస్తానన్న ఆ మాట తలుచుకుని నెరెయ్దా ఆరు గంటలూ తనని తనే తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. రెనె విని తల పట్టుకున్నాడు.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున, సెన్యోరా ఆడెలా చేతికి సూది గుచ్చి ఉండగా నెరెయ్దా జేబులో ఫోను మోగింది. తీయలేదు. మళ్ళీ మోగింది. ఆడెలాకి నరం దొరకడమే బ్రహ్మప్రళయం, దొరికినదాన్ని వదిలే మనిషి కాదు నెరెయ్దా. రెండు గొట్టాలు నింపి, దూది పెట్టి, చెయ్యి మడిచి, పేర్లు రాసి, అప్పుడు ఫోను తీసి ఆ నంబరుకి తిరిగి చేసింది. అటువైపు అమ్మాయి గొంతు ఏం చెప్పిందో మొదటిసారి అర్థం కాక మళ్ళీ చెప్పమంది. తర్వాత కుర్చీ వెతుక్కుంటే ఎక్కడా ఖాళీ లేదు, పరగడుపువాళ్ళు కూర్చున్నారు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"సీటిచ్చారా?" అంది ఆడెలా దూది నొక్కుకుంటూ.

నెరెయ్దా తలూపింది. కాఫీ పడని నలభై మంది ఒక్కసారి చప్పట్లు కొట్టడం ఆ క్లినిక్కు ఎప్పుడూ చూడలేదు.

మొక్కు తీర్చడానికి చలికాలం దాకా ఆగారు. ఎండల్లో పన్నెండు మైళ్ళంటే మాతైనా ఒప్పుకోదు. ఈలోగా హెర్లిందా ఏటేటా చేయించుకునే రక్తపరీక్షకి క్లినిక్కుకి వచ్చింది. కూతురే తీసింది. సాయంత్రానికి అంకె తెర మీదకి వచ్చింది. నెరెయ్దా దాన్ని చూసి, కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూసింది. ఏమొచ్చిందే అని తల్లి అడిగితే అలవాటుగా డాక్టరుగారు చెబుతారు అంది. డాక్టరుగారు మూడు వారాల తర్వాత దొరుకుతారు. నడక మరో పది రోజుల్లో ఉంది. నడవడం మంచిదే. ఆ నడక చివర ఏముందో తలుచుకుంటేనే ఆమెకి నిద్ర పట్టేది కాదు.

డిసెంబరులో శనివారం పొద్దున తల్లీకూతుళ్ళు బయల్దేరారు. హెర్లిందా పాత వంటశాల బూట్లు వేసుకుంది. భుజాన సంచి, సంచిలో సీటు వచ్చిన ఉత్తరం, దాని పక్కన గుడ్డలో చుట్టి, మంచుముక్కల మధ్య పెట్టి, గాజుసీసా కోకాకోలా. దారి పొడుగునా ఆవిడ సీసా గురించే మాట్లాడింది. మొదటి గుక్క ఎలా తాగాలి, మూత ఎవరు తీయాలి, నురగ పోనివ్వకూడదు. నెరెయ్దా ఊ కొడుతూ నడిచింది.

గుడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. దోన్ నాసారియో కొత్త మేకుతో సిద్ధంగా ఉన్నాడు. హెర్లిందా ఉత్తరాన్ని మార్కుల కాగితం పక్కనే గుచ్చింది. పాతది తీసేయనా అని ఆయన అడిగితే, కూతురే వద్దంది. హెర్లిందా మోకాళ్ళ మీద వంగి మాతకి చెప్పుకోవాల్సింది చెప్పుకుంది. లేచి, బయట బల్ల మీద కూర్చుని, సీసా తీసి, మూత విప్పింది. నురగ పొంగింది. ఆవిడ సీసా పెదాల దాకా ఎత్తింది.

నెరెయ్దా ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమే?" అంది హెర్లిందా. కూతురి ముఖం చూసింది. నాలుగు వందల మంది పిల్లల ముఖాలు చదివిన మనిషి, ఇది చదవలేకపోతుందా? సీసా నెమ్మదిగా ఒళ్ళో దించుకుంది. "నా రక్తం సంగతా?"

"అమ్మా, నేను చెప్పకూడదు."

"డాక్టరుగారు చెబుతారు. అదేగా నీ పాట." హెర్లిందా బూట్లు విప్పుకుని, కాళ్ళు చాపుకుని, కూతురి వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది. "పదహారేళ్ళు నీళ్ళు తాగాను, పన్నెండు మైళ్ళు నడిచాను. చెప్పండి మరి, డాక్టరుగారూ."

ఆ మాట ఇంతకు ముందెవరూ అనలేదు. నెరెయ్దా తల్లి చెయ్యి వదలకుండా, తెర మీద చూసిన అంకె చెప్పింది. రెండు వందల ఎనభై రెండు. అంటే ఏమిటో చెప్పింది, కాళ్ళకి ఏమవుతుందో చెప్పింది, మందులుంటాయి, తిండి మార్చుకోవాలి, భయపడాల్సినంత కాదు కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు, సోమవారమే క్లినిక్కుకి ఫోను చేసి తొందరగా చూడమని పట్టుబడతాను అంది. లాసారోకి చెప్పలేని మాటలన్నీ ఒక్కటీ మిగల్చకుండా చెప్పింది.

అంతా విని హెర్లిందా మాత గుడి తలుపు వంక చూసింది. "ఇన్నేళ్ళూ ఆవిడ ఆపింది. ఇప్పుడు నువ్వు ఆపుతావు. ఇద్దరూ కలిసే చేశారన్నమాట." తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క గుక్క?" అంది.

నెరెయ్దా ఆలోచించింది. "ఒక్క గుక్క."

ఆ ఒక్క గుక్క ఎంతసేపు సాగిందో దోన్ నాసారియో ఇప్పటికీ అభినయించి చూపిస్తాడు. కూతురు సీసా లాక్కుంది, అప్పటికి సగం అయిపోయింది. హెర్లిందా కళ్ళు మూసుకుని, పెదాలు తుడుచుకుని, నురగ బాగుంది అంది. మిగిలిన సగం ఎవరూ చూడకుండా దోన్ నాసారియో తాగేశాడు.

"గురువారం పరగడుపున రా, మళ్ళీ తీస్తాను" అంది నెరెయ్దా, తల్లి బూట్ల తాళ్ళు కడుతూ. "ఆరింటికి. ఎనిమిదికి కాదు."